మైకులో ముందు చోటు చెప్పండి

సంపాదకులకు,

అయ్యా,

ఆన్‌లైన్ ఆటల మీద పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారన్న ఆందోళన, రెండోది ఈ-స్పోర్ట్స్ బహుమతుల లెక్క. ఆడే తీరు గురించి రాసినప్పుడు కూడా గురి, వేగం, ఫోన్ ర్యామ్ దగ్గరే ఆగిపోతారు. నలుగురో ఐదుగురో కలిసి ఆడే ఆటలో వాళ్లు మైకులో ఏం మాట్లాడుకోవాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది దాదాపుగా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నా "టీమ్‌తో బాగా మాట్లాడుతూ ఆడండి" అని ఒక వాక్యం పడేసి వెళ్లిపోతారు. ఆ సలహా విన్న కుర్రాళ్లు మ్యాచ్ మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా ఆపకుండా మాట్లాడతారు. టీమ్ మాత్రం ఓడిపోతూనే ఉంటుంది. కొత్తగా ఆడేవాళ్లకు పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాం.

వాయిస్ చానెల్ ఇరుకు వంతెన లాంటిది. ఒకేసారి ఒకరే దాటగలరు. ఇద్దరు కలిసి మాట్లాడితే రెండు మాటలూ పోతాయి. కాబట్టి మైకు నొక్కే ముందు చూసుకోవలసింది ఒక్కటే: ఈ మాట విన్న టీమ్‌మేట్ తన తర్వాతి అడుగు మార్చుకుంటాడా? మార్చుకుంటాడంటే చెప్పాలి. లేకపోతే రౌండ్ అయ్యాక చెప్పొచ్చు, అసలు చెప్పకపోయినా నష్టం లేదు.

చెప్పే మాటలో ముందు చోటు రావాలి. చోటు పేరు చెవిన పడగానే వినేవాడు కెమెరా తిప్పడం మొదలుపెడతాడు, మిగతా మాట పూర్తయ్యేలోపు అతని గురి అక్కడికి చేరిపోతుంది. "ఒరేయ్, ఎవడో కొట్టేశాడ్రా నన్ను, స్నైపర్ అనుకుంటా, ఆ గోడౌన్ పైన ఉన్నాడు" అన్నదాంట్లో పనికొచ్చే ముక్క చివర్లో ఉంది. అది వచ్చేసరికి మూడు సెకన్లు ఖర్చయ్యాయి, ఈలోపు స్నైపర్ ఇంకో గుండు ఎక్కించుకున్నాడు. "గోడౌన్ పైన, ఒకడు, స్నైపర్" అంటే సెకనున్నరలో అయిపోతుంది. చోటు, ఎంతమంది, ఏ స్థితిలో ఉన్నారు, అవసరమైతే నేనేం చేస్తున్నాను: ఈ వరస ఒకసారి అలవాటైతే ఎంత కంగారులో ఉన్నా నోరు దానంతట అదే అలా పలుకుతుంది.

ఈ వరస తెలుగుకు బాగా అమరుతుంది. క్రియ మన వాక్యంలో ఎలాగూ చివరికే వస్తుంది కాబట్టి "మెట్ల కింద ఇద్దరున్నారు" అన్నప్పుడు చోటు ముందుకు రావడానికి ప్రయాస ఏమీ లేదు. కానీ ఇదే పద్ధతిలో ఒక గండం కూడా ఉంది. ఔననడం, కాదనడం కూడా మనం మాట చివర్లోనే తేలుస్తాం. "అటు వెళ్లొద్దు" అనబోయి చివరి అక్షరం తెగిందంటే అవతలివాడికి "అటు వెళ్లొ..." అని మాత్రమే వినిపిస్తుంది, అతను వెళ్లిపోతాడు. "వాడు చావలేదు"లో తోక తెగితే ఇంకా ప్రమాదం. అందుకని ఆపవలసి వచ్చినప్పుడు "ఆగు" అన్న మాట మొదట పడాలి, కారణం తర్వాత: "ఆగు, అటు స్మోక్‌లో ఒకడున్నాడు." బతికే ఉన్నాడని చెప్పాలంటే "బతికున్నాడు, మెట్ల కింద" అనాలి గానీ "చావలేదు" అనకూడదు.

చివరి అక్షరం ఎందుకు తెగుతుందంటే, మీట నొక్కి మాట్లాడే పుష్-టు-టాక్‌లో మన వేలు నోటికంటే ముందే లేచిపోతుంది. ఆడేవాళ్లు మాట్లాడుకోవడానికి వాడే డిస్కార్డ్ యాప్‌లో 'పుష్ టు టాక్ రిలీజ్ డిలే' అని ఒక సెట్టింగ్ ఉంది. మీట వదిలాక మైకు ఇంకెంతసేపు తెరిచి ఉండాలో అది చెబుతుంది. మామూలుగా అది 20 మిల్లీసెకన్ల దగ్గరే ఉంటుంది. ఒక అక్షరం పలకడానికి కూడా అది చాలదు. 200 నుంచి 300 దాకా పెంచితే తోకలు తెగడం ఆగిపోతుంది. మీట లేకుండా గొంతు వినగానే దానంతట అదే తెరుచుకునే పద్ధతి వాడేవాళ్లకు ఇది తిరగబడుతుంది. అక్కడ మొదటి అక్షరం పోతుంది, ఎందుకంటే శబ్దం ఒక స్థాయి దాటాకే గేటు తెరుచుకుంటుంది. అలాంటివాళ్లు ముందుగా టీమ్‌మేట్ పేరు పిలిచి ఆపైన విషయం చెబితే, తెగేది పేరులో మొదటి అక్షరమే, విషయం చెక్కుచెదరదు. పేరంటే ఆటలో కనిపించే పేరు. నలుగురూ ఒకరినొకరు "మామా" అనుకునే టీమ్‌లో "మామా, వెనక!" అంటే నలుగురూ వెనక్కి తిరుగుతారు.

దిక్కుల దగ్గర అందరూ తడబడతారు. "ఎడమ" అంటే ఎవరి ఎడమ? "ఇక్కడున్నాడు" అంటే ఎక్కడ? ఈ రెండు మాటలూ మైకులో నిషేధించినా నష్టం లేదు. మ్యాప్‌లో చోట్లకు పేర్లుంటే ఆ పేర్లే వాడాలి. వాలరెంట్ అనే తుపాకుల ఆటలో అయితే మినీమ్యాప్ (తెర మూలన కనిపించే చిన్న మ్యాప్) దగ్గరే మీరు నిలబడ్డ చోటు పేరు కనిపిస్తుంది, బట్టీ పట్టాల్సిన పని కూడా లేదు. పబ్జీ లాంటి పెద్ద మైదానాల ఆటల్లో తెర పైభాగాన డిగ్రీలు చూపే కంపాస్ ఉంటుంది, "240లో చెట్టు వెనక" అనొచ్చు. అయితే ఆ 240 చెప్పినవాడికి సరిపోతుంది, విన్నవాడికి సరిపోకపోవచ్చు. మీకూ మీ టీమ్‌మేట్‌కూ మధ్య 50 మీటర్లుండి, శత్రువు మీకు 100 మీటర్లలో ఉంటే, ఇద్దరి కంపాస్ అంకెల మధ్య తేడా 30 డిగ్రీల దాకా రావచ్చు. అంటే అతను వేరే చెట్టును చూస్తుంటాడు. శత్రువు 400 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఇదే తేడా 7 డిగ్రీలకు తగ్గుతుంది. కాబట్టి దూరపు శత్రువుకు అంకె చాలు. దగ్గరివాడికి అంకెతో పాటు గుర్తు కూడా చెప్పాలి, ఎర్ర కప్పు, విరిగిన గోడ, ఏదో ఒకటి. లేదా మార్కర్ పెట్టాలి. 2019లో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్‌లో పింగ్ వ్యవస్థ (మీట నొక్కి ఒక చోటును టీమ్ అందరి తెర మీద గుర్తుపెట్టే సౌకర్యం) అంత పేరు తెచ్చుకోవడానికి కారణం ఇదే. చోటును పింగ్ చూపిస్తుంది. ఉద్దేశాన్ని గొంతు చెప్పాలి. "పింగ్ దగ్గర ఇద్దరు, నేను కుడి చెట్ల నుంచి వస్తున్నా, నువ్వు కాల్చకుండా ఆగు" అన్నదాన్ని పింగ్ ఒక్కటే చెప్పలేదు.

ఇంకో తేడా కూడా మాటలో తెలియాలి. చూశారా, విన్నారా, ఊహిస్తున్నారా? "పైన ఇద్దరున్నారు" అని గట్టిగా చెప్పేసి, తీరా చూస్తే పైన ఎవరూ లేకపోతే, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా టీమ్ నమ్మదు. "పైన అడుగుల చప్పుడు, ఒకడైనా ఉన్నాడు" అంటే విన్నవాడు దానికి తగ్గ జాగ్రత్త తీసుకుంటాడు. చూసి కాసేపయితే ఆ మాట కూడా చెప్పాలి: "పది సెకన్ల కింద బి వైపు ముగ్గురు." పాత కబురును తాజాగా చెప్పడానికీ అబద్ధం చెప్పడానికీ పెద్ద తేడా ఏమీ లేదు.

"వన్ షాట్!" (ఇంకొక్క గుండు తగిలితే చస్తాడు) అన్న కేక వల్ల ఎన్ని రౌండ్లు పోతాయో లెక్క లేదు. కొట్టినవాడికి ఎప్పుడూ అవతలివాడు కొన ఊపిరితో ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ మాట నమ్మి టీమ్‌మేట్ తొందరపడి ఎదురు వెళతాడు. వాలరెంట్‌లో హెవీ షీల్డ్ వేసుకున్నవాడికి ఆరోగ్యం 100, కవచం 50, మొత్తం 150. వాండల్ తుపాకీతో ఒంటి మీద రెండు తగిలితే 80 పోతుంది, ఇంకా 70 మిగిలే ఉంది. అది వన్ షాట్ కాదు. చచ్చాక నష్టం ఎంత చేశారో తెర మీద అంకెల్లో కనిపిస్తుంది, ఆ అంకే చెప్పండి: "మెట్ల కింద, 80 కొట్టా." అంకె దొరక్కపోతే "ఒకటి తగిలింది" అనండి, అంతకు మించి వద్దు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2 లాంటి ఆటల్లో మాటకు ఇంకో కొలత తోడవుతుంది, గడియారం. లీగ్‌లో ఫ్లాష్ (ఒక్కసారిగా కొంచెం దూరం దూకే శక్తి) మళ్లీ సిద్ధం కావడానికి మామూలుగా 300 సెకన్లు పడుతుంది. "మిడ్ (మధ్య దారిలో ఆడే శత్రువు) ఫ్లాష్ వాడేశాడు" అంటే రెండు నిమిషాల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఆట గడియారంలో 14:20కి వాడాడనుకోండి, "మిడ్‌కి 19:20 దాకా ఫ్లాష్ లేదు" అనాలి, అదే ముక్క టెక్స్ట్ చాట్‌లో కూడా పడేయాలి. గొంతు గాల్లో కలిసిపోతుంది, రాత ఉంటుంది. డోటాలో రోషన్ అనే రాక్షస జీవి చచ్చిన 8 నుంచి 11 నిమిషాల మధ్య ఎప్పుడైనా తిరిగి వస్తుంది, దాన్ని చంపితే దొరికే ఏజిస్ (చచ్చినవాడిని ఒకసారి తిరిగి బతికించే వస్తువు) 5 నిమిషాలకు మాయమవుతుంది. ఈ రెండు సమయాలూ రోషన్‌ను చంపిన క్షణంలోనే లెక్కకట్టి చెప్పే మనిషి ఒకడుంటే మిగతా నలుగురికీ తల బరువు తగ్గుతుంది.

ఎవరు మాట్లాడాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రౌండ్ నడుస్తుండగా ఎటు వెళ్లాలో చెప్పేది ఒకరే అయ్యుండాలి. ఈ-స్పోర్ట్స్‌లో ఆయన్ని ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్) అంటారు. మిగతావాళ్లు సమాచారం ఇస్తారు, ఆజ్ఞలు ఇవ్వరు. ఐజీఎల్ చెప్పిన దారి తప్పనిపించినా ఐదుగురూ కలిసి ఆ తప్పు దారిలో వెళితే గెలిచే అవకాశం ఉంది. ముగ్గురొక వైపు, ఇద్దరొక వైపు చీలితే గెలుపు మాట మర్చిపోవచ్చు. అభ్యంతరాలకు వేరే సమయం ఉంది. వాలరెంట్‌లో రౌండుకు ముందు 30 సెకన్ల కొనుగోలు సమయం దొరుకుతుంది, వాదనంతా అందులో ముగించాలి. ఐజీఎల్‌గా ఉండేవాడికి గురి అందరికంటే బాగుండాలని రూలేమీ లేదు. కొన్ని టీమ్‌లు ఎక్కువ మందిని చంపేవాడికే ఈ పని అప్పగిస్తాయి. మా దృష్టిలో అది తప్పు. ముందు వరసలో దూకేవాడికి మ్యాప్ చూసే తీరిక ఉండదు.

ఇక నిశ్శబ్దం సంగతి. ఈ ఆటల్లో అడుగుల చప్పుడు, గన్ రీలోడ్, తలుపు తెరిచిన శబ్దం అన్నీ సమాచారమే. మనిషి గొంతు వాటిని కప్పేస్తుంది. చెవి రెంటినీ విడదీయలేదు. విమానాల్లో దీనికి సరిసమానమైన నియమం ఒకటుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1981లో తెచ్చిన నిబంధన ప్రకారం, టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లోనూ, 10,000 అడుగుల కింద ఎగురుతున్నప్పుడూ కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదు. టీమ్ ఆటల్లో ఆ 10,000 అడుగులు ఎక్కడంటే, జట్టులో ఒక్కడే మిగిలిన క్షణం. చచ్చినవాళ్లు అప్పటికే తమ కబురు చెప్పేసి ఉండాలి: ఎక్కడినుంచి కొట్టారు, ఎంతమంది, ఎంత నష్టం చేశారు. దానికి రెండు సెకన్లు చాలు. తర్వాత మైకు వదిలేయాలి. "ఎడమ చూడు, ఎడమ చూడు, అబ్బా, కుడి, కుడి" అన్న వ్యాఖ్యానంతో గెలిచిన క్లచ్‌ల (ఒక్కడే మిగిలి ఆడే రౌండ్ల) కంటే పోయిన క్లచ్‌లే ఎక్కువ. ఆ సమయంలో చచ్చినవాడు ఇవ్వదగ్గ సాయం ఒకటే ఉంది, గడియారం. కౌంటర్-స్ట్రైక్‌లో బాంబు పెట్టాక 40 సెకన్లుంటాయి, బాంబును నిర్వీర్యం చేసే కిట్ ఉంటే దాన్ని తీయడానికి 5 సెకన్లు, లేకపోతే 10. "పన్నెండు సెకన్లుంది, కిట్ లేదు" అని ఒక్కసారి చెప్పి ఆగిపోవాలి. వాలరెంట్‌లో బాంబును స్పైక్ అంటారు, అది పేలడానికి 45 సెకన్లు, తీయడానికి 7. సగం, అంటే 3.5 సెకన్లు పూర్తయితే అక్కడినుంచి మళ్లీ కొనసాగించొచ్చు.

ఇంతవరకు నోటి సంగతి. అయితే మాట ఎంత చక్కగా ఉన్నా సగం సార్లు అది అవతలికి చేరకపోవడానికి కారణం పరికరాలు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే "నీ మైకు పనికిరాదు, కొత్తది కొను" అన్న సలహా తేలిగ్గా దొరుకుతుంది గానీ చాలాసార్లు అక్కర్లేనిది.

మైకు నోటికి ఎదురుగా ఉండకూడదు. పెదవి కొసకు రెండు వేళ్ల దూరంలో, పక్కకు ఉండాలి. ప, ఫ, భ పలికినప్పుడు నోటినుంచి వచ్చే గాలి నేరుగా తగిలితే 'ధబ్' మంటుంది. దూరంగా పెట్టి గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే సెట్టింగ్) పెంచడం ఇంకో పొరపాటు. మైకును 8 సెంటీమీటర్ల నుంచి 4 సెంటీమీటర్లకు దగ్గర చేస్తే మీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలో ఫ్యాను హోరు మాత్రం అలాగే ఉంటుంది. గెయిన్ పెంచితే గొంతుతో పాటు ఫ్యానూ పెరుగుతుంది. మీటరు చూసే వీలుంటే, గట్టిగా అరిచినప్పుడు ముల్లు మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆగాలి. సున్నా తాకిందంటే గొంతు పగులుతుంది; పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ అతికించలేదు.

నాయిస్ సప్రెషన్ (గొంతు తప్ప మిగతా శబ్దాలను తుడిచేసే సౌకర్యం) ఒక్కచోటే పెట్టండి. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, డిస్కార్డ్‌లో క్రిస్ప్ ఒకటి, ఆటలో ఇంకొకటి పెడితే ఒకటి మిగిల్చిన గొంతును ఇంకొకటి కొరుకుతుంది. నీళ్లలోంచి మాట్లాడినట్టు వినిపిస్తోందని టీమ్ అన్నప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లు తమకు తెలియకుండానే అరుస్తారు. చుట్టూ శబ్దం ఉన్నప్పుడు, లేదా తన గొంతు తనకు వినపడనప్పుడు మనిషి గొంతు దానంతట అదే పెరుగుతుంది. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో దీన్ని వివరించాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. దీనికి మందు సైడ్‌టోన్, అంటే మన గొంతును కొద్దిగా మన చెవికే వినిపించడం. హెడ్‌సెట్‌లోనే ఆ సౌకర్యం ఉంటే వాడండి. విండోస్‌లో 'లిజన్ టు దిస్ డివైస్' నొక్కితే కూడా వినిపిస్తుంది గానీ ఆలస్యంగా తిరిగి వస్తుంది, నాలుక తడబడుతుంది. సైడ్‌టోన్ లేకపోతే ఒక చెవి సగం బయటపెట్టినా కొంత మేలే.

బ్లూటూత్ గురించి చెప్పుకోవాలి. ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆడుతుంటే శబ్దం బాగానే ఉంటుంది, మైకు ఆన్ చేయగానే పాత టెలిఫోన్‌లా మారిపోతుంది. బడ్స్ చెడిపోలేదు. పాటలు వినే ప్రొఫైల్ ఏ2డీపీ, దాంట్లో స్టీరియో ఉంటుంది, మైకు ఉండదు. మైకు కావాలనగానే పరికరం కాల్స్ కోసం చేసిన హెచ్‌ఎఫ్‌పీకి మారుతుంది. శాంప్లింగ్ (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్నది) 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది, రెండు చెవుల్లో ఒకే శబ్దం వస్తుంది. స్టీరియో పోయిందంటే అడుగులు ఎటునుంచి వస్తున్నాయో తెలియదు, అంటే సగం ఆట పోయినట్టే. కొత్త బ్లూటూత్ పద్ధతి ఎల్‌ఈ ఆడియో రెండువైపులా ఉన్న పరికరాలకు ఈ బాధ తగ్గుతుంది. లేనివాళ్లకు వైరున్న మామూలు ఇయర్‌ఫోన్సే మేలు. యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్లు సాధారణంగా బ్లూటూత్ మీద నడవవు కాబట్టి వాటికి ఈ ఇబ్బంది రాదు.

వైరుదాని దగ్గర కూడా ఒక చిక్కుంది. పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అందులో మైకు ఉన్నట్టు, రెండే ఉంటే లేనట్టు. మూడు గీతల పిన్నును డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఆకుపచ్చ రంధ్రంలో పెడితే వినిపిస్తుంది గానీ మైకు పనిచేయదు; మైకుకు వేరే గులాబీ రంధ్రం ఉంటుంది. రెండుగా చీలే స్ప్లిటర్ కావాలి. కొన్ని పాత హెడ్‌సెట్లలో మైకు, గ్రౌండ్ తీగలు తారుమారుగా ఉండే ఓఎమ్‌టీపీ పద్ధతి కనిపిస్తుంది. ఇప్పటి ఫోన్లు సీటీఐఏ పద్ధతివి. రెంటికీ జత కుదరకపోతే శబ్దం డొల్లగా వస్తుంది, మైకు పలకదు.

ఫోన్‌లో ఆడేవాళ్లకు ఇంకో రెండు మాటలు. ఫోను అడ్డంగా పట్టుకున్నప్పుడు కింది అంచున ఉన్న మైకు రంధ్రం సరిగ్గా అరచేతి కిందికి వస్తుంది, గొంతు గుడ్డ కట్టినట్టు వినిపిస్తుంది. ఫోనును తిప్పి పట్టుకున్నా మైకు రెండో అరచేతి కిందికి పోతుంది తప్ప లాభం లేదు. ఇయర్‌ఫోన్స్ మైకు వాడాలి. పబ్జీ మొబైల్‌లో మైకుకు 'ఆల్', 'టీమ్' అని రెండు స్థానాలున్నాయి. ఆల్‌లో ఉంచి ప్లాన్ చెబితే పక్క గదిలో దాక్కున్న శత్రువు కూడా వింటాడు.

గొంతు అసలే వెళ్లకపోతే వరసగా చూడాలి, వరస తప్పితే గంట వృథా. హెడ్‌సెట్ మీద మ్యూట్ మీట ఉందేమో చూడండి. కొన్నింటికి మైకు కాడను పైకి లేపితే మ్యూట్ అవుతుంది. తర్వాత కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉన్న రికార్డర్‌తో పది సెకన్లు రికార్డు చేసి వినండి. అందులో గొంతు ఉంటే పరికరం బాగానే ఉంది, తప్పు యాప్‌లో ఉంది. లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సరైన మైకు ఎంచుకున్నారో లేదో, అనుమతి ఇచ్చారో లేదో చూడాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి పై నుంచి లాగే సెట్టింగ్స్‌లో మైకు మొత్తాన్నీ ఆపేసే మీట ఒకటుంది, తెలియకుండా అది నొక్కినవాళ్లు చాలామంది. యాప్‌లోకి వస్తే ఇన్‌పుట్ పరికరం 'డీఫాల్ట్' అని వదిలేయకుండా పేరుతో ఎంచుకోండి. డిస్కార్డ్‌లో పుష్-టు-టాక్ బయట పనిచేసి ఆటలోకి వెళ్లగానే ఆగిపోతోందంటే, ఆట అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తోంది, డిస్కార్డ్ మామూలుగా నడుస్తోంది. రెంటినీ ఒకే హక్కుతో నడపాలి. ఎవరైనా మాట్లాడగానే ఆట శబ్దం ఢమాలున తగ్గిపోతే విండోస్ సౌండ్‌లో 'కమ్యూనికేషన్స్' ట్యాబ్ తెరవండి. కాల్ వచ్చినప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని అక్కడ ముందే రాసిపెట్టి ఉంటుంది. 'డూ నథింగ్' ఎంచుకుంటే సరి.

ఎకో వస్తోందని నలుగురు గోల పెడుతూ ఒకడు మాత్రం "నాకు రావట్లేదే" అంటే, దొంగ దొరికినట్టే. ఎకో అతని స్పీకర్లలోంచి అతని మైకులోకి వెళుతోంది. అందుకే అతనికి తప్ప అందరికీ తమ గొంతు తిరిగి వినిపిస్తోంది. గొంతు ముక్కలై రోబోలా వచ్చినప్పుడు కూడా ఇలాగే తేల్చుకోవచ్చు. ఒకడి గొంతే అందరికీ తెగుతుంటే అతని అప్‌లోడ్‌లో లోపం. మీకు మాత్రమే అందరి గొంతులూ తెగుతుంటే మీ నెట్‌లో లోపం. వేగం చాలక కాదు: సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున వెళ్లే గొంతు గంటకు దాదాపు 29 ఎంబీయే. అది పాడయ్యేది ప్యాకెట్లు (నెట్‌లో వెళ్లే డేటా ముక్కలు) ఆలస్యమైనప్పుడు, దారిలో పోయినప్పుడు. ఇంట్లో ఇంకో ఫోను ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే అప్‌లోడ్ దారి నిండిపోయి గొంతు క్యూలో నిలబడుతుంది. దాన్ని ఆపి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్ ఒకే తరంగాల మీద కొట్లాడుకుంటాయి కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కు మారడమో, కేబుల్ పెట్టడమో మంచిది.

టీమ్‌మేట్ గొంతు వినపడకపోతే మొత్తం వాల్యూమ్ పెంచకండి, ఆట శబ్దం తగ్గించండి. తుపాకులు, సంగీతం వేరువేరుగా తగ్గించుకునే స్లైడర్లు చాలా ఆటల్లో ఉన్నాయి. ముందుగా సంగీతాన్ని సున్నా చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చెవికి హాని లేకుండా వినగలిగేది పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ అయితే 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ గంటలు సగమవుతాయి.

మైకు ఆన్ చేయడానికే భయపడేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో హాలో 3 ఆటలో ముందే రికార్డు చేసిన ఆడగొంతు, మగగొంతు వినిపించి చూశారు. ఆడగొంతుకు మగగొంతు కంటే మూడు రెట్లు ఎక్కువ ప్రతికూల వ్యాఖ్యలు వచ్చాయి. బూతులు తిట్టేవాడితో వాదించడం దండగ. మ్యూట్ చేయడం, రిపోర్ట్ చేయడం, ఆ రెండు పనులూ పది సెకన్లలో ముగించి ఆటలోకి రావాలి. ఎక్స్‌బాక్స్‌లో 2023 నుంచి చివరి 60 సెకన్ల మాటను ఫిర్యాదుతో జతచేసే వీలుంది. కాల్ ఆఫ్ డ్యూటీలో అదే ఏడాది గొంతును సాఫ్ట్‌వేర్‌తో పరిశీలించడం మొదలైంది. అయితే ఒకరిని మ్యూట్ చేశాక అతని పింగ్‌లు కూడా ఆగిపోయాయేమో చూసుకోండి. చాలా ఆటల్లో ఈ రెంటినీ విడిగా ఆపొచ్చు. తిట్టేవాడి కబురు కూడా ఒక్కోసారి పనికొస్తుంది. వినికిడి లోపం వల్లో, ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుండటం వల్లో మైకు వాడనివాళ్లు కూడా పింగ్‌లతో పూర్తిగా ఆడగలరు, వాళ్లను "మైకు లేదా?" అని వేధించడం మానాలి.

చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. గొంతు వినగానే తెరుచుకునే మైకులో ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకునేవి కూడా అపరిచితులకు వెళతాయి. చిరునామాలు, పాస్‌వర్డ్‌లు, ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉండరో కూడా. పుష్-టు-టాక్ పెట్టించండి. ఐఫోన్లో నారింజ చుక్క కనిపిస్తోందంటే మైకు తెరిచే ఉందని అర్థం; ఆండ్రాయిడ్‌లో ఆకుపచ్చ గుర్తు కనిపిస్తే మైకో కెమెరానో తెరిచి ఉన్నట్టు.

చివరగా, పత్రికలో యువత పేజీ చూసేవారికి ఒక సూచన. టీమ్‌లకు గురి సాధన గురించి చెప్పినట్టే ఈ సాధన గురించి కూడా రాయించండి: ఒక మ్యాచ్‌లో టీమ్ మాటలను రికార్డు చేసి, మర్నాడు ఆట చూడకుండా గొంతులు మాత్రమే వినడం. ప్రతి మాట పక్కన 'చోటు', 'ప్లాన్', 'ఇతరం' అని మూడింట్లో ఒకటి రాసుకుంటూ పోవాలి. 'చోటు' అని రాసిన మాటల్లో చోటు ఎన్నో మాటగా వచ్చిందో కూడా గుర్తించాలి. మొదటిసారి రాసినప్పుడు 'ఇతరం' కాలమ్ నిండిపోతుంది, కంగారు పడొద్దు. రికార్డు చేస్తున్నట్టు టీమ్‌లో అందరికీ ముందే చెప్పాలి, ఒప్పుకోనివాళ్లుంటే ఆ రోజు రికార్డు వద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు